నా గొంతుతో పది సినిమాలు చేసిన ఉక్రెయిన్ విలన్

మికోలా అనే ఉక్రెయిన్ నటుడికి పది సినిమాలుగా తెలుగు గొంతు నాదే. తెర మీద ఆయన కళ్లెర్రజేస్తే, హైదరాబాదులో డబ్బింగ్ గదిలో మైకు ముందు నిలబడి నేను గర్జించేవాణ్ణి. ఇద్దరం ఎప్పుడూ కలవలేదు. పదకొండో సినిమాకి దర్శకుడు మారాడు. మాటలు షూటింగులోనే రికార్డు చేస్తాననీ, మికోలా సొంత గొంతుతోనే చెప్పాలనీ పట్టుబట్టాడు. "మీరే సింగపూర్ వెళ్లి ఆయనకి డైలాగు నేర్పాలి" అని నాకు కబురు చేశాడు.

"నా పొట్ట నా చేతే కొట్టిస్తున్నాడు" అన్నాను ఇంట్లో.

"విమానం ఎక్కిస్తున్నాడుగా, వెళ్లి రండి" అంది మా ఆవిడ.

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి నాంపల్లిలో రైలెక్కి పొద్దున్నే మద్రాసులో దిగాను. పదకొండింటికి విమానం. సగం సీట్లలో అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని ఉద్యోగాలకి వెళ్తున్న కుర్రాళ్లే. పక్క సీటబ్బాయి ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు గట్టిగా పట్టుకుని, "అంకుల్, మీరు ఏ ప్లాట్‌ఫామ్ మీద చేస్తారు?" అని అడిగాడు. రైలు సంగతి కాబోలనుకుని, "పొద్దున మూడో నంబరు మీద దిగాను" అన్నాను. ఆ తర్వాత అతను నన్నేమీ అడగలేదు.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. సాయంత్రం ఐదున్నరకి దిగి, టాక్సీలో ఏడింటికి యీషున్ చేరాను. మికోలా అక్కడ ఐదో అంతస్తు ఫ్లాట్‌లో, ఒంగోలు నుంచి వచ్చిన రవి అనే ప్రోగ్రామర్‌తో కలిసి ఉంటాడు. తలుపు తీసింది ఆయనే. ఆరడుగుల పైన మనిషి, చేతిలో గరిటె.

"రాండి గురువుగారూ, కాళ్లు కడుక్కోండి. పప్పు అయిపోవచ్చింది" అంది ఒక పీల గొంతు.

మాట్లాడింది ఇంకెవరో అనుకుని ఆయన వెనక్కి తొంగి చూశాను. ఇంకెవరూ లేరు. ఆ ఒంగోలు తెలుగు, ఆ పిల్లనగ్రోవి గొంతు, రెండూ ఆయనవే.

భోజనాల దగ్గర తన కథ చెప్పాడు. సొంతూరు నల్లసముద్రం ఒడ్డున. ఓడలో ఎలక్ట్రీషియన్‌గా వచ్చాడు. కంపెనీ మూతబడి ఓడ ఇక్కడే ఆగిపోయింది. నటన ఎవరూ నేర్పలేదు. ఖాళీ ఓడలో వీడియో క్యాసెట్లు చూస్తూ, క్యాబిన్ అద్దం ముందు కోపం, పరుపు మీద చావడం సాధన చేశాడు. రేవులో పాట తీయడానికొచ్చిన ఒక తెలుగు యూనిట్‌కి, హీరో దెబ్బకి పడిపోయే తెల్లవాడు కావాల్సి వచ్చింది. ఈయన పడ్డ తీరు చూసి చప్పట్లు కొట్టారట. అప్పటి నుంచి ఓడల మరమ్మతు పని చేసుకుంటూ, తెలుగు సినిమా వచ్చినప్పుడల్లా సెలవు పెట్టి చస్తున్నాడు.

"మరి డైలాగులు ఎలా చెప్పేవారు?" అన్నాను.

"ఏ డైలాగులు? అంకెలు చెప్పమనేవాళ్లు. మా భాషలో లెక్కబెట్టేవాణ్ణి. ఒదిన్, ద్వా, త్రి... సిమ్, విసిమ్."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ప్రతి డైలాగులోనూ ఆ ఏడో మాట, ఎనిమిదో మాట దగ్గర ఆయన పెదాలు టక్కున మూసుకునేవి. అక్కడ 'మ' వచ్చే మాట ఇరికించలేక పదేళ్లు జుట్టు పీక్కున్నాను. ఆ సిమ్, విసిమ్‌లే కారణమన్నమాట.

ఆదివారం పొద్దుటి నుంచి డైలాగు సాధన. "నా దారికి అడ్డు రావద్దు. నీ పేరు కూడా మిగలదు." నేను గర్జించేవాణ్ణి, ఆయన గర్జించబోయి దగ్గేవాడు. మధ్యాహ్నం రవితో కలిపి ముగ్గురం భోజనానికి లిటిల్ ఇండియా వెళ్లాం. ఆదివారం సెలవు కావడంతో రోడ్డు కనబడనంత జనం. నలుగురు తెలుగు కుర్రాళ్లు మికోలాని గుర్తుపట్టి, ఒక డైలాగు చెప్పమన్నారు. చెప్పాడు.

"ఈయన అతను కాదులేరా" అనుకుంటూ వెళ్లిపోయారు. అరిటాకు ముందు కూర్చున్న మికోలా అన్నం కలపడం మానేశాడు.

సోమవారం ఎనిమిదింటికి తంజోంగ్ పగార్ రేవు దగ్గర షూటింగ్. కెమెరా తిరగగానే మికోలా హీరో కళ్లలోకి చూసి, అలవాటు కొద్దీ, "ఒదిన్..." అన్నాడు.

"నన్ను వదిన అంటాడేంటండీ?" అన్నాడు హీరో.

యూనిట్ అంతా పడీ పడీ నవ్వారు. రెండోసారీ అంతే. మూడోసారి డైలాగు చెప్పాడు గానీ, నాలా గర్జించబోయి గొంతు చీలిపోయింది. "పాత పద్ధతే మేలేమో" అని దర్శకుడు నా వైపు చూశాడు. అబద్ధమెందుకు, నాకు లోపల సంతోషమేసింది.

టీ విరామంలో మికోలా ఒక చెక్కపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"మా అమ్మకి నా పాత సినిమా క్యాసెట్ పంపించా గురువుగారూ. బాగుంది నాయనా, నీ లోపలి నుంచి మాట్లాడేవాడెవరు అని అడిగింది" అన్నాడు.

ఆ మాటకి నా సంతోషం చప్పబడిపోయింది. "నాలా అరవకండి. పప్పులో ఉప్పు ఎవరు ఎక్కువేశారని రవిని అడుగుతారే, అలా అనండి" అన్నాను.

మళ్లీ కెమెరా తిరిగింది. మికోలా హీరో దగ్గరకి నడిచి, అతని చొక్కా కాలర్ సర్ది, ఆ పీల గొంతుతో, ఒంగోలు యాసలో నెమ్మదిగా అన్నాడు. "నా దారికి అడ్డం రామాక. నీ పేరు గూడా మిగలదు."

ఎవరూ నవ్వలేదు. స్క్రిప్టులో లేకపోయినా హీరో ఒకడుగు వెనక్కి వేశాడు. దర్శకుడు ఓకే అన్నాడు. తర్వాత నా దగ్గరకొచ్చి చేతులు పట్టుకున్నాడు. ఇక మికోలాకి నా అవసరం లేదని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం విమానం. మికోలా, రవి వచ్చి దింపారు. సింగపూర్ వెళ్లబోయేవారికి నేను చెప్పగలిగింది తక్కువ. పక్షుల పార్కు చూడలేదు, కేబుల్ కారు ఎక్కలేదు. ఆ దేశంలో నేను చూసిందల్లా ఒక మనిషికి తన గొంతు దొరకడం. దానికోసం రెండు రోజులు అరిచీ అరిచీ నా గొంతు మాత్రం పూర్తిగా పోయింది.

విమానంలో పక్కాయన పేపరు మడిచి, ఏం చేస్తుంటారని అడిగాడు.

"సినిమాల్లో విలన్లకి గొంతు ఇస్తాను" అన్నాను, పిల్లి కూన అరిచినట్టు.

ఆయన మర్యాదగా నవ్వి, మళ్లీ పేపరు విప్పుకున్నాడు.