అడుగున అంటించిన బొమ్మ

మన చేతిలోని యంత్రానికి మనమే యజమానులమా అన్న విషయం మీద కళాశాల వాదనల పోటీలో మాట్లాడి గెలిచిన తర్వాత, నా లాప్‌టాప్‌లో విండోస్ ఉంచుకోవడం నాకు అసంగతంగా తోచింది. తన యంత్రంలో ఏం జరుగుతోందో చూసే హక్కు వాడేవారికి ఉండి తీరాలని వేదిక మీద చెప్పిన మనిషి, ఇంటికి వచ్చి ఆ హక్కు లేని తెర ముందు కూర్చోవడం న్యాయం కాదు. అందుకే, లోపలి కోడ్ ఎవరైనా చూడగలిగే లైనక్స్ వేద్దామని నిర్ణయించుకున్నాను.

ఆ లాప్‌టాప్ మావయ్య ఇచ్చింది. ఆయన అమ్మకు తమ్ముడు. చాలాకాలం గల్ఫ్‌లో ఒక ఆఫీసులో పనిచేసి వచ్చి, ఇప్పుడు ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువు చూసుకుంటున్నారు. నిజానికి వాదించడం నాకు మొదట నేర్పింది ఆయనే. పోటీకి ముందు ప్రతిసారీ మా అరుగు మీద నాకు ఎదురుపక్షంగా కూర్చునేవారు. అమ్మ తీర్పు చెప్పేది. “ఎదుటివాడు చెప్పింది కాదమ్మా లాయరమ్మా, చెప్పకుండా దాటేసింది పట్టుకో” అనేవారు. బయట ఎక్కడ దొరక్కపోయినా, ఆ అరుగు మీద నా ప్రశ్నకు నిజమైన జవాబు దొరుకుతుందని నమ్మాను.

లాప్‌టాప్ తెచ్చిన వారంలోనే, ఒక శనివారం, అమ్మా మావయ్యా నేనూ వాడపల్లి వెంకన్న గుడికి వెళ్ళాం. కొత్త బండికి చేయించినట్టే దానికీ పూజ చేయించి, గుడి బయట కొన్న వెంకన్న స్టిక్కరును మావయ్య లాప్‌టాప్ అడుగున అంటించారు.

“అదేంటి మావయ్యా, కింద అంటించేరు?”

“పైనుంటే చూస్తాడంతే. కిందుంటే నీ చదువుని మోస్తాడు.”

అమ్మ నవ్వింది. ఆ జవాబు నాకెంత నచ్చిందంటే, తర్వాత ఒక పోటీలో వాడుకున్నాను కూడా.

లైనక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి లాప్‌టాప్ ఆన్ చేస్తే, అది పెన్‌డ్రైవ్ ఉనికినే గుర్తించనట్టు తిన్నగా విండోస్‌లోకి వెళ్ళిపోయింది. పెన్‌డ్రైవ్ మార్చాను. రెండో వైపు పోర్టులో పెట్టాను. విండోస్ త్వరగా తెరుచుకోవడానికి ఉన్న ఏర్పాటును ఆపేశాను. చివరికి అడ్డంకి ఎక్కడుందో తెలిసింది. పెన్‌డ్రైవ్ నుంచి మొదలవమని చెప్పాలంటే, విండోస్ కన్నా ముందు మేలుకునే బయోస్ అనే మూల అమరికల్లోకి వెళ్ళాలి. అక్కడ నల్లటి తెర పాస్‌వర్డ్ అడుగుతోంది. నేనేనాడూ పెట్టని పాస్‌వర్డ్.

మావయ్యకు ఫోన్ చేశాను. “పాస్‌వర్డా? అలాంటిదేం లేదే! అయినా నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకమ్మా?” అన్నారు. లైనక్స్ వాడేవారు మాట్లాడుకునే చర్చావేదికలో అడిగాను. “దాని యజమానిని అడగండి” అని ఒకరు రాశారు. “యజమానిని నేనే” అని కాస్త కోపంగానే బదులిచ్చాను. లోపల మదర్‌బోర్డు మీదుండే బిళ్ళ బ్యాటరీని తీసి కాసేపాగి పెడితే, కొన్ని యంత్రాల్లో ఆ పాస్‌వర్డ్ చెరిగిపోతుందని మరొకరు చెప్పారు.

మధ్యాహ్నం లాప్‌టాప్‌ను తువ్వాలు మీద బోర్లించి, కనిపించిన స్క్రూలన్నీ విప్పాను. మూత అంచులు లేచాయి గాని నడుమ మాత్రం పట్టు వదలలేదు. తడిమి చూస్తే, బొమ్మ కింద ఇంకో స్క్రూ గుంట వేలికి తగిలింది. స్వామికి మనసులోనే చెప్పుకుని, చిరగకుండా గోటితో ఒలిచాను. స్క్రూ ఉంది. దాని పక్కనే సగం గీకేసిన వెండిరంగు లేబుల్ ఉంది. అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ మావయ్య పనిచేసిన కంపెనీ పేరు. దాని కింద, ఇది సంస్థ ఆస్తి అన్న మాట.

అప్పుడు నాకు మావయ్య కన్నా ముందు అమ్మ గుర్తొచ్చింది. దేవుడి బొమ్మ ఉన్న కాగితంలో పొట్లం కడితే తిప్పి పంపించే మనిషి. పాత క్యాలెండర్లను గోదాట్లో కలిపి వచ్చే మనిషి. ఒళ్ళో పెట్టుకునే వస్తువు అడుగున స్వామిని అంటిస్తుంటే నవ్వి ఊరుకుంది.

వంటింట్లో కొబ్బరి కోరుతోంది.

“అమ్మా, బొమ్మ కింద కంపెనీ లేబులుంది. నీకు ముందే తెలుసా?”

చెయ్యి ఆగింది. “తెలుసు. మీ నాన్నగారికీ తెలుసు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఊరుకుంటావేంటే? వంద ప్రశ్నలేస్తావు.”

ఇన్నేళ్ళూ వీళ్ళు చప్పట్లు కొట్టింది ఆ ప్రశ్నలకే.

ఆదివారం మావయ్య రొయ్యలు పట్టుకుని భోజనానికి వచ్చారు. “ఏవమ్మా లాయరమ్మా, నీ లైనక్స్ ఎక్కిందా?”

“లేదు మావయ్యా. స్వామి బొమ్మ తియ్యాల్సొచ్చింది.”

ఆయన అమ్మ వైపు చూశారు. అమ్మ గిన్నెలోకి చూసింది.

“వాళ్ళు ఆఫీసు ఎత్తేసేరమ్మా. అలాంటివి గదినిండా పడున్నాయి. నేను తేకపోతే ఇంకోడు పట్టుకుపోయేవాడు.”

“ఆయ్. మరి దాచడం దేనికండీ?”

“లేబుల్ చూస్తే నువ్వు ముట్టుకోవు కదా!”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేనెలాంటి దాన్నో ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. తెలియకపోవడం వల్ల కాదు, తెలియడం వల్లే మోసగించారు.

“అన్నం దగ్గర వాదనేంటే? మావయ్యకి కూర వెయ్యి” అంది అమ్మ. వేశాను.

ఆ మూత నేను తెరవనే లేదు. స్క్రూలన్నీ బిగించి, లేబుల్ పైకి కనిపించేలా లాప్‌టాప్‌ను బీరువా మీద బోర్లించాను. ఏం చేయాలో ఇంట్లో ఎవరూ చెప్పరు. ఎవరికి తిరిగి పంపాలో నాకూ తెలియదు. వచ్చే పోటీకి ప్రసంగం కళాశాల కంప్యూటర్ గదిలో రాసుకుంటున్నాను.

నిన్న సాయంత్రం మావయ్య ఎప్పటిలాగే వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

“రామ్మా, ఎదురుపక్షం సిద్ధం.”

“ఈసారి నేనొక్కదాన్నే తయారవుతాను మావయ్యా.”

ఎందుకని ఆయన అడగలేదు. అమ్మ టీ తెచ్చేదాకా వీధి వైపు చూస్తూ కూర్చున్నారు.