ఆవగింజంత నల్లమందు

నా చిన్నప్పుడు ధర్మవరంలో నల్లమందు సర్కారు లైసెన్సు అంగడిలోనే దొరికేది. తెల్లదొరల కాలం. మగ్గం నేసే మా తాతకు ఏళ్ల తరబడి దమ్ము, అదే ఉబ్బసం. జానెడు నేయగానే ఆయాసంతో మగ్గం మీదికి వాలిపోయేవాడు. ముదిగుబ్బ నుంచి వచ్చే వైద్యుడు పొద్దున ఆవగింజంత, సాయంత్రం ఆవగింజంత నల్లమందు మింగమన్నాడు. జబ్బు పోదు గానీ ఊపిరి బరువు తగ్గుతుందని, మోతాదు మించితే ఉన్న ఊపిరి కూడా ఆగిపోతుందని మా అవ్వకు గట్టిగా చెప్పి వెళ్లాడు.

మందు పనిచేసింది. తాత మళ్లీ మగ్గంలో కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరినీ ఆటపట్టించడం మొదలుపెట్టాడు. అంతటితో ఊరుకుంటే ఆయన మా తాత ఎందుకవుతాడు! ఇంత మందుకే ఇంత సుఖమైతే, ఇంకొంచెం వేసుకుంటే ఇంకెంత సుఖమోనని అవ్వ వెంటపడ్డాడు. అవ్వ ససేమిరా అంది. మందు డబ్బీ ఎక్కడ దాచినా ఆయన కళ్లు అక్కడే ఉండేవి.

ఒక ఉదయం వీధిలో పట్టు పడుగు సాచారు. ఒకరు చేయి వదిలినా పోగులన్నీ చిక్కుపడతాయి కాబట్టి అవ్వ కూడా ఒక కొస పట్టుకుని నిలబడింది. ఇంట్లో తాతకు దమ్ము ఎక్కువైంది. నేను చూస్తుండగానే ఉట్టి మీది డబ్బీ దించి, అందులోని ఉండలన్నీ నోట్లో వేసుకున్నాడు. ఏడుస్తూ వీధిలోకి పరుగెత్తి, తాత మందంతా మింగేశాడని చెప్పాను. పడుగు పట్టుకున్న వాళ్లందరి ముఖాలూ పాలిపోయాయి. అవ్వ మాత్రం చేతిలోని కొస వదలకుండా పకపకా నవ్వింది. ఈమెకు మతి పోయిందా ఏమని పక్కింటి అక్క బిత్తరపోయింది.

అసలు మందు అవ్వ నడుముకున్న వక్కాకు సంచిలో ఉంది. డబ్బీలోవి వేపాకు నూరి ఎండబెట్టిన ఉండలు. చేదూ అదే, నలుపూ అదే.

కొసను అక్కకు అందించి అవ్వ లోపలికి వచ్చేసరికి తాత దర్జాగా కూర్చుని నిదానంగా ఊపిరి తీస్తున్నాడు. రోంత ఎక్కువ వేసుకుంటే ఎంత తేలికైందో చూడమని గొప్పలు పోయాడు. అవ్వ నిజం చెప్పింది. తాత మూతి ముడుచుకున్నాడు.

"నల్లమందు సగం దమ్ము తగ్గిస్తాది. కడమ సగం నీ భయమే. దానికి వేపాకు చాలు," అంది అవ్వ.

తాత ఖాళీ డబ్బీని పక్కకు నెట్టాడు. ఆ తర్వాత మెల్లగా, "వేపాకు వద్దులే. నువ్వే రోంతసేపు ఈడ కూసో," అన్నాడు.

అవ్వ కూర్చుంది. వీధిలోంచి పిలుస్తున్నా లేవలేదు. ఆ ఇద్దరి మీదా నాకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

ఇప్పుడు నాకూ దమ్మే. డాక్టరు ఆ నల్లమందు జాతి మందే చుక్కల లెక్కన ఇచ్చాడు. చెప్పినదానికి ఒక్క చుక్క మించను. కడమ సగానికి మనవరాలిని పిలిచి పక్కన కూర్చోమంటాను.