నాలుగో గిన్నె పసుపు

పదమూడేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. తారీఖు గానీ మొత్తం గానీ తప్పనివ్వదని ఆర్మూరులో నాకు పేరు. ఎవరైనా ఆ పేరు ఎత్తినప్పుడల్లా రాజవ్వ కళ్లముందు నిలుస్తుంది. ఆమెకు చెప్పలేక మీకు చెబుతున్నాను.

1986. పసుపు కొనే ఒక కంపెనీలో నేను లెక్కలు రాసేదాన్ని, రాజవ్వ కొమ్ములు ఏరేది. మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినేవాళ్లం. నా కూరలో ఉప్పు లేదని రోజూ వెక్కిరించేది, రోజూ గిన్నె ఊడ్చేది. మా ఆయన పోయాక నాతో అంత చనువుగా ఉన్న మనిషి మరొకరు లేరు.

నిజామాబాద్ గోదాములో సరుకు చూసి తీసుకునే మనిషి కావాలన్నారు. జీతం రెట్టింపు. కూతురిని అక్కడ కాలేజీలో చేర్పించవచ్చని రాజవ్వ ఆశ. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన మేనేజరుకు పసుపు తెలియదు, పరీక్షల మీద నమ్మకమూ లేదు. "మనిషిని చూస్తె సమజైతది కదమ్మా, పరీక్షలు బడిపోరలకు" అని ఆమెనే పంపబోయాడు. పరీక్ష పెట్టాల్సిందేనని పట్టుబట్టింది నేను. న్యాయం కోసమా? ఆమె వెళ్లకుండా ఏదో ఒక అడ్డం కోసమా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

నాలుగు గిన్నెల్లో ఉన్నది పాత పంటో కొత్త పంటో వాసన చూసి చెప్పాలి, ఒక్కటి తప్పినా ఆ పని రాదు. గిన్నెలు నింపింది నేను, జవాబు తెలిసిందీ నాకొక్కదానికే. రాజవ్వ మూడు సరిగ్గా చెప్పింది. నాలుగో గిన్నెలో కొమ్ము విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, "గిది పాతది" అంది.

పాతదే. నేను "కాదు, కొత్తది" అన్నాను.

"పరీక్ష పెట్టుడే మంచిగైంది" అన్నాడు మేనేజరు. ఆ తర్వాత పరీక్ష లేకుండా ఎవరినీ పనిలోకి తీసుకోలేదు.

బయటికొచ్చాక రాజవ్వే నన్ను ఓదార్చింది. "పడిశం పట్టినట్టున్నది అక్కా. నువ్వెందుకు మొకం గట్ల పెట్టినవ్? నేను పోతే నీ సప్ప కూర ఎవలు తింటరు?"

ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. ఇదీ రాయాలి.

కూతురు కాలేజీకి పోలేదు, బీడీలు చుట్టింది. రాజవ్వ మాత్రం ఆనాటి నుంచి తన ముక్కును నమ్మడం మానేసింది. ప్రతి బస్తా దగ్గరా "అక్కా, జర నువ్వు సూడు" అనేది. నువ్వన్నదే నిజమని ఎన్నిసార్లు చెప్పి ఉంటానో, అవేవీ ఆ ఒక్క అబద్ధాన్ని చెరపలేకపోయాయి.

నిన్న కూడా పక్కనే కూర్చుని తిన్నాం. చెప్పవచ్చు కదా? చెబితే రేపు వచ్చి కూర్చుంటుందా? అప్పటి భయమే ఇప్పుడూ.

రాజవ్వ గెలిచింది. అబద్ధమాడింది నేను. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.