కాదన్న గూళ్లు

పిట్టల పెళ్లిచూపులు చూసొద్దాం రమ్మని మా చెల్లెలి కూతురు శిరీష పిలిస్తే, నడుంనొప్పిని లెక్కచెయ్యకుండా బయల్దేరాను. ఉదయం ఆరూ పదికి గుంటూరులో నరసరావుపేట బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఇద్దరికీ జీరో టికెట్లు కొట్టాడు.

శిరీష పరిశోధన గిజిగాళ్ల మీద. మగపిట్ట సగం గూడు అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి, లోపలికి దూరి చూసి, నచ్చితేనే ఉంటుంది. అప్పుడు మగది కింద గొట్టం అల్లి గూడు పూర్తి చేస్తుంది. పక్కవాడి గూట్లోంచి పోచలు లాక్కుపోయే ఘనులూ ఉన్నారట. ఒకసారి కాదన్న గూటికి తర్వాతైనా మరో ఆడపిట్ట వస్తుందా అన్నది మా పిల్ల ప్రశ్న. దానికోసం రొంపిచెర్ల దగ్గర బావి మీదికి వాలిన తుమ్మచెట్టుకు అలా మిగిలిన పన్నెండు గూళ్లను వారం వారం వచ్చి చూసుకుంటోంది.

"పిట్టగూళ్లు చూడ్డానికి గూడా జీతమిస్తారంటమ్మా?" అంది ముందు సీటావిడ.

"ఇస్తారండీ, ఆలస్యంగా," అంది శిరీష.

పేటలో దిగి ఇడ్లీ తిన్నాం. కారప్పొడి కాస్త చూసి వేసుకోండి, నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఎనిమిదిన్నరకు రొంపిచెర్ల బస్సు, అక్కడి నుంచి ఆటో. పదింటికి పొలంలో ఉన్నాం.

పొలం అంజమ్మది. శిరీష ఆమెను అత్తా అంటుంది. మమ్మల్ని చూడగానే నవ్వుకుంటూ ఒక గంప తెచ్చి ముందు పెట్టింది. నిండా గూళ్లు!

"పిట్టలు వొద్దన్నయ్యేగా అమ్మాయ్! ఇయ్యి చూడ్డానికి ఇంత దూరం తిరగతన్నావని నిన్న దోటితో కోసి దాచా. కాలేజీకి పట్టకపో."

శిరీష మొహం పాలిపోయింది. మంచినీళ్లు అడిగి తాగింది. నేనే ఆగలేక, "ఎంత పని చేశావమ్మా! వాటికి మళ్లీ పిట్టలొస్తాయేమో చూడాలనేగా ఈ పిల్ల ఎండలో పడి తిరుగుతోంది!" అనేశాను.

అంజమ్మ గట్టు మీద కూలబడింది. "నాకేం తెలుసమ్మా... ఒకదాన్ని మాత్రం కొయ్యలా. దోటి పెట్టబోతే ఆడపిట్టొచ్చి దూరింది. చెయ్యాడలా."

శిరీష గ్లాసు పడేసి చెట్టు దగ్గరికి పరుగెత్తింది. బావి మీద పన్నెండో గూడు ఊగుతోంది. పసుప్పచ్చ తల ఉన్న మగపిట్ట దానికి గొట్టం అల్లుతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

గోంగూర పచ్చడి, మజ్జిగ అన్నం పెట్టిగానీ అంజమ్మ కదలనివ్వలేదు. ఈ పల్నాటివాళ్లు ప్రేమొస్తే నీకేం కావాలని అడగరు, గంపకెత్తి ఇచ్చేస్తారు. నాకు చానా నచ్చారు. మీరూ వెళ్లేట్టయితే వానలు పడ్డాక వెళ్లండి, చెట్టుకు దూరంగా కూర్చోండి.

మూడింటికి తిరుగు బస్సు. "ఒక్క గూటితో థీసిస్ అవదు పెద్దమ్మా. వచ్చే ఏడు మళ్లీ మొదట్నించీ చూడాలి," అంది శిరీష, గంప ఒళ్లో పెట్టుకుని.

పక్కన నిలబడ్డ పెద్దాయన తొంగి చూశాడు. "ఇన్నున్నయ్యి గదమ్మా, మా మనవరాలికి ఒకటియ్యరాదూ?"

"ఇవ్వలేను తాతా," అంది శిరీష, గంపను రెండు చేతులా దగ్గరికి లాక్కుంటూ. "ఇవి మా అత్త నాకోసం కోసింది."