బల్లకు మూడున్నర జానల పైన

నాంపల్లిలో ఎవరింట్లో లైట్లు పెట్టాల్సి వచ్చినా రామచందర్ ముందు డ్రిల్లు బయటికి తియ్యడు. సంచిలోంచి పొడుగు వైరూ, ఒక హోల్డరూ, మూడు రకాల బల్బులూ తీస్తాడు. ఈ పద్ధతి అతనికి ఎవరూ నేర్పలేదు. ముప్పై ఏళ్లుగా తను చేసిన తప్పులే నేర్పాయి.

ఆ సాయంత్రం ఆబిడ్స్ వెనక అపార్ట్‌మెంటు నుంచి సుబ్బరత్నం కబురు పెట్టింది. భోజనాల బల్ల కొని రెండు నెలలైనా దాని మీద తిన్నవాళ్లు లేరు. భర్త అమరేశ్వరరావు కంచం పట్టుకుని టీవీ ముందుకు పోతాడు, కూతురు కీర్తి తన గదిలోకి పోతుంది. బల్ల మీద ఇస్త్రీ బట్టలు పేరుకుంటున్నాయి.

"ముగ్గురం ఒక్కచోట తినాలనే కదయ్యా కొన్నాం" అందావిడ, రామచందర్ రాగానే.

అమరేశ్వరరావు ఫోనులో బొమ్మ చూపించాడు. సీలింగు నిండా ఎనిమిది తెల్ల లైట్లు. "ఇలా జిగేల్‌మనాలి."

రామచందర్ కుర్చీలో కూర్చుని చూశాడు. ట్యూబ్‌లైటు వెనక గోడకుంది. తన తల నీడ సరిగ్గా కంచం పెట్టే చోటే పడింది.

"అమ్మా, జర అన్నం వడ్డించుండ్రి. పచ్చడి గూడ."

"లైటు పెట్టమంటే కంచం పెట్టమంటావేంటయ్యా?" అన్నాడు అమరేశ్వరరావు.

"గీడ కనవడాల్సింది కంచమే గద సార్."

సీలింగు కొక్కేనికి వైరు కట్టి, బల్ల నుంచి మూడున్నర జానలు కొలిచి బల్బు వేలాడదీశాడు. తెల్లబల్బు కింద ఆవకాయ బురదలా ఉంది. పసుపు కాంతి బల్బు పెట్టగానే ఎర్రగా నూనె మెరిసింది. కంట్లో కొట్టకుండా పాత క్యాలెండరు అట్ట చుట్టి తొడిగాడు.

"తలకు తగలదూ?"

"బల్ల మీద ఎవరు నడుస్తరు సార్? సీలింగుకు కన్నం పడితే మూసినా మచ్చ పోదు. రెండు రోజులు గిట్లనే తినుండ్రి. నచ్చకుంటే మీ ఎనిమిదీ నేనే పెడ్త."

మూడోరోజు సాయంత్రం రామచందర్ డ్రిల్లుతో వచ్చాడు. కీర్తి ఎడమచేత్తో తలుపు తీసింది. కుడిచేతికి అన్నం ఉంది. టీవీ ఆపేసి ఉంది. ఇస్త్రీ బట్టలు సోఫా మీదికి చేరాయి. అమరేశ్వరరావు మారు వడ్డించుకుంటున్నాడు.

"నిచ్చెన ఎయ్యాలె సార్. జర బల్ల జరపాలె."

"కుదరదయ్యా. మేమింకా మజ్జిగ దాకా రాలేదు."

సుబ్బరత్నం నవ్వుతూ నాలుగో కుర్చీ బయటికి లాగింది. రామచందర్ డ్రిల్లు గోడ పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.