పోలిక చెప్పని ఉదయం

2022. మస్కట్‌లో పదకొండేళ్లు నర్సుగా చేసి వచ్చి, అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆర్థోపెడిక్ వార్డులో చేరిన ఏడాది. ఎముకలు విరిగినవాళ్ల వార్డు అది. రోజుకు నాలుగుసార్లు ప్రతి మంచం దగ్గరా పెయిన్ స్కోర్ అడిగి కేస్‌షీటులో రాయాలి. నొప్పి అసలు లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. అడగడానికి అర నిమిషం చాలు.

మూడో మంచం మాస్టారి దగ్గర మాత్రం చాలేది కాదు. కొత్తపేట దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. కాలవ గట్టున జారిపడి తొంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. షుగర్ కూడా ఉంది.

"నొప్పి ఎంతుంది మాస్టారూ?"

"గోదారి దాటించే పంటు రేవుకి తగిలినప్పుడు కుదుపుంటుందే, అలాగుందమ్మా. తగిలేక మళ్లీ నెమ్మదిస్తోంది."

"నంబరు చెప్పండి."

"పంటుకి నంబరేంటమ్మా?"

మధ్యాహ్నానికి పంటు పోయి తాడు వచ్చేది. తొంటిలో ఎవరో కూర్చుని తడి కొబ్బరిపీచు పేనుతున్నారట. సాయంత్రం శబ్దాల వంతు. "కదిపితే కలుక్కుమంటోంది, కదపకపోతే కసురుకుంటోంది. అనుప్రాస కుదిరింది చూసేవా?" ఒకే అక్షరం మళ్లీ మళ్లీ వచ్చి చెవికి ఇంపుగా తగిలితే అనుప్రాస అని పక్క మంచాలవాళ్లకు పాఠం కూడా. వార్డంతా నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు, ఇంకా పదకొండు మంచాలు మిగిలి ఉండేవి. ఆయన మొహం చూసి నా అంతట నేనే ఐదో ఆరో వేసుకుని పోయేదాన్ని. అలా వేయకూడదని నాకు తెలుసు.

మూడో రోజు సాయంత్రం విసుగు దాచుకోలేకపోయాను. "ఇది క్లాసు కాదండి మాస్టారూ. నాకు కావలసింది ఒక్క అంకె."

ఆయన "ఆయ్, అలాగేనమ్మా" అన్నారు.

మర్నాడు ఉదయం అడగ్గానే "రెండమ్మా" అన్నారు. రెండని రాసి, హమ్మయ్య అనుకుంటూ నాలుగో మంచానికి వెళ్లాను. అక్కడ బీపీ చూడబోతుంటే చెయ్యి ఆగింది. చేరినప్పటినుంచి ఆయన పోలిక లేకుండా నొప్పి సంగతి చెప్పడం అదే మొదటిసారి. వెనక్కి వెళ్లాను. ఫ్యాను తిరుగుతున్నా నుదుటి మీద సన్నగా చెమట.

"నంబరొద్దు మాస్టారూ. ఎలా ఉందో చెప్పండి."

"ఏమీ తోచట్లేదమ్మా."

డ్యూటీ డాక్టరును పిలిచాను. "కంప్లయింట్ ఏంటి సిస్టర్?" అన్నారు.

"పోలిక చెప్పలేదు సార్."

ఆయన నన్ను వింతగా చూశారు. చెమట సంగతి చెప్పి ఈసీజీ తీయిద్దామన్నాను. గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీతగా చూపే పరీక్ష అది. ఆ గీత చూశాక డాక్టరుగారు మరేమీ అడగలేదు. గుండెపోటు. షుగర్ ఉన్నవాళ్లకు ఒక్కోసారి ఛాతీలో నొప్పి లేకుండానే వస్తుంది. మందులిచ్చి గంటలోపే అంబులెన్సులో కాకినాడ పంపించారు.

మంచం ఖాళీ అయ్యాక కేస్‌షీటు తిరగేశాను. మాస్టారు తన నోటితో చెప్పిన అంకె అదొక్కటే. అన్నిటిలోకీ తక్కువదీ అదే. ఆ కాగితం చూసి ఎవరైనా ఆయన కోలుకుంటున్నారనే అనుకుంటారు. అది ఆయన చేత చెప్పించింది నేనే. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. అప్పటినుంచి అంకె పక్కనే రోగి అన్న మాట కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఏ మనిషి ఎలా మాట్లాడతాడో ముందు తెలిస్తేనే, మాట మారిన రోజు తెలుస్తుంది.

నెలన్నర తర్వాత మాస్టారు వాకరు పట్టుకుని చెకప్‌కి వచ్చారు. మనిషి బాగా చిక్కిపోయారు.

"ఆవేళ రెండని ఎందుకన్నారండి?" అని అడిగాను.

"నువ్వు అంకె అడిగేవు కదమ్మా. పైగా పోలిక చెప్పాలంటే ఊపిరుండాలి. అంకెకి అక్కర్లేదు."

కేస్‌షీటు తెరిచి, "ఇప్పుడెలా ఉంది నొప్పి?" అన్నాను.

"చెబుతాను గానీ, కాస్త టైం పడుతుందమ్మా."

స్టూలు లాక్కుని కూర్చున్నాను.