మూడుసార్లు వెనక్కి వచ్చిన లక్ష్మీదేవి

ధర్మవరంలో మగ్గం నేసే ఒకామె నా లక్ష్మీదేవిని మూడుసార్లు వెనక్కి పంపింది. కారణం చెప్పలేదు. బొమ్మ బాగాలేదని అయినా అంటే పోట్లాడేవాణ్ణి, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. పంపించేసింది, అంతే. ఈ అన్యాయం గురించి ఆ రోజుల్లో హిందూపురం బజార్లో ఎదురుపడిన ప్రతి మనిషినీ ఆపి చెప్పాను.

నేను ఐదో తరగతి దాటలేదు. అంగళ్ల బోర్డులు రాస్తూ రాస్తూ చదువు నేర్చుకున్నవాణ్ణి. తొంభైల్లో బోర్డులు రాసి, లారీల వెనక నెమళ్లు వేసి బతికాను. ఆ తర్వాత ఫ్లెక్సీలు వచ్చి నా కుంచెలు ఎండగట్టాయి. యాభై నాలుగేళ్ల వయసులో ఒక ఫొటో స్టూడియోకు పోయి కంప్యూటర్ పని నేర్పమని అడిగితే, ఈ వయసులో నీకెందుకప్పా అన్నారు. నేర్పకపోతే పోయింది. అక్కడ పనిచేసేవాడి వీపు వెనక నెల రోజులు నిలబడి, చూసి చూసి పట్టేశాను. ఎందుకు నిలబడ్డానో వాళ్లకు తర్వాత తెలిసింది.

ఆడవాళ్ల ఫొటోలను దేవతల పటాలుగా మార్చడం మొదలుపెట్టాను. అది ఫొటోలా ఉండకూడదు, రంగులతో వేసినట్టు ఉండాలి. మౌసు పట్టుకుని చెంప మీద గుండ్రంగా రంగు పూస్తుంటే గోడ మీద బొమ్మ వేసినప్పటి సంతోషమే కలిగేది, పైగా చొక్కాకు మరక అంటేది కాదు. దేవతలను మెడ దాకా ముందే వేసి పెట్టుకున్నాను. తామరపువ్వులో లక్ష్మి, వీణతో సరస్వతి, సింహం మీద దుర్గ. ఫొటోలోంచి ముఖం కత్తిరించి అతికించడం, అతుకు కనబడకుండా హారం వేయడం, అదీ పద్ధతి. కుదరనిచోట ఇంకో హారం. ఒక టీచరమ్మకు తొమ్మిది హారాలు పడ్డాయి. ఆమె ఆనందానికి హద్దు లేదు.

ఆ ఏడాది ఊరికి పిచ్చి పట్టింది. అత్త లక్ష్మి అయితే కోడలు తాను దుర్గ కావాలనేది, సింహం నోరు ఇంకొంచెం తెరిపించమనేది. గుడిబండ నుంచి ఒకామె బస్సు దిగి వచ్చి, తన ఫొటోతో పాటు ఆడబిడ్డ ఫొటో కూడా ఇచ్చి, మహిషాసురుడికి ఆ ముఖం పెట్టమంది. పెట్టాలని చెయ్యి లాగింది గానీ పెట్టలేదు. చర్చికి పోయే నర్సమ్మ ఒకామె తనకు దేవత వద్దని, తల వెనక వెలుగు మాత్రం చాలని అంది. అందరికంటే ఆమెకే ఎక్కువ వెలుగు పెట్టాను. పెనుకొండలో మా అక్క పార్వతి అయింది. పటం కట్టించి దేవుడి గూట్లో పెట్టుకుంది. ఆ ఇంట్లో పూజ బావ పని కాబట్టి, రోజూ పొద్దున్నే పెళ్లానికి అగరొత్తులు వెలిగించడం ఆయన వంతైంది. ఏడాది పాటు నాతో మాట్లాడలేదు.

అలాంటి సంబరంలో ఉండగా ధర్మవరంలో చుట్టాలింటికి పోయాను. పక్కింట్లో ఆమె మగ్గం గుంటలో కూర్చుని పట్టుచీర నేస్తోంది. నా సంచిలోని బొమ్మలు చూసి పడీ పడీ నవ్వి, తనకూ ఒకటి చేయమంది. ఫొటోకు మంచి చీర కట్టుకుని బయటికి రమ్మన్నాను. రాలేదు.

"ఈడనే తీయన్నా, మగ్గం మీద ఉండంగా" అంది.

తీశాను. ఆమె బొమ్మ మీద పదకొండు రోజులు కూర్చున్నాను. మెడ ఎంత బాగా కుదిరిందంటే ఒక్క హారంతో సరిపోయింది. నేను చేసిన లక్ష్ముల్లో అంత కళగలది ఇంకోటి లేదు. పటం కట్టించి, హిందూపురం నుంచి ధర్మవరానికి రైల్లో తిరిగే పట్టుదారం అమ్మే మనిషి ఒకాయనకు ఇచ్చి పంపాను. మూడో రోజు ఆయనే తిరిగి తెచ్చాడు. ఏమందని అడిగితే, ఏమీ అనలేదు, చూసి ఇచ్చేసింది అన్నాడు.

బోర్డుల కాలం నుంచి నా చేతిలోంచి పోయిన పని ఒక్కటీ తిరిగి రాలేదు. తప్పేమిటో తెలియకుండా ఇంకో బొమ్మ మొదలుపెట్టడానికి మనసొప్పలేదు. కంప్యూటర్లో ముగ్గురు దేవతలు తలల కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు.

మా ఆవిడ చూసి, మరీ తెల్లగా చేశావంది. నిజమే అనిపించింది. చామనఛాయకు తెచ్చి పంపాను. వెనక్కి వచ్చింది. పెనుకొండకు మోసుకుపోయి అక్కకు చూపిస్తే, అంత మనిషి ఇంత పువ్వులో ఎట్లా కూర్చుంటుంది, జారిపడదా అంది. దేవత అయినప్పటి నుంచి ఇలాంటివి తనకే తెలుసన్నట్టు మాట్లాడేది. తామరకు రెండు వరుసల రేకులు పెంచి పంపాను. మళ్లీ వచ్చింది. పట్టుదారం ఆయన ఈసారి పటం నా బల్ల మీద పెట్టి దండం పెట్టాడు.

"ఇంగ నువ్వే పోప్పా. రైల్లో లక్ష్మీదేవి వస్తాండాదని లేసి సీటిస్తాండారు. కూచోవాలంటే నాకు సిగ్గయితాండాది."

మర్నాడు పొద్దున రైలెక్కాను. నాకూ సీటిచ్చారు, నేను సిగ్గుపడకుండా కూర్చున్నాను. దారంతా గట్టిగా నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. కానీ ఆమె ఇంట్లో పటం గోడకు ఆనించి నిలబడేసరికి ఒక్క మాటే మిగిలింది. తప్పేమిటో చెప్పకపోతే ఇక్కడి నుంచి కదలను తల్లీ అన్నాను.

ఆమె నేస్తున్న వరుస పూర్తయ్యేదాకా నా వైపు చూడలేదు. తర్వాత మగ్గం ఆపి, పటం వైపు చూసి నవ్వింది.

"నీ మనసు కష్టపెట్టడమెందుకని చెప్పలేదన్నా. ముఖం నాదే, శానా బాగుండాది. పన్నెండేండ్ల నుంచి ఈ గుంటలో కూచోని ఈ చేతుల్తోనే నేస్తాండా, ఫొటోలో అవి పడాలనే మగ్గం మీద తీయమంటి. అమ్మోరికి నాలుగు చేతులు పెట్టినావే, అందులో ఒగటన్నా నాది పెట్టింటే ఏమయ్యేదన్నా?"